పది డాలర్ల పట్టా

కెనడా పశ్చిమ మైదానాల పాత భూమి మ్యాపు మొదటిసారి చూసినప్పుడు, రైతుబిడ్డను కాబట్టి, నాకు తట్టిన ప్రశ్న ఒకటే: ఊళ్లేవి? ఎటు చూసినా గళ్లే. చదరపు మైలు ఒక సెక్షను. అందులో నాలుగో వంతు, అంటే 160 ఎకరాలు, ఒక కుటుంబానికి. 1872 చట్టం ప్రకారం పది డాలర్లు రుసుము కట్టి, మూడేళ్లు కాపురముండి, ఇల్లు కట్టి, కొంత బీడు దున్ని చూపిస్తే పట్టా. అదీ సరిసంఖ్య సెక్షన్లలోనే. బేసివి చాలావరకు రైల్వేలకు పోయాయి. పొరుగువాడి ముఖం చూడాలన్నా నడవాల్సిందే.

ఈ గళ్లలోకి 1888, 89లలో స్కాట్లండ్ పడమటి దీవులైన లూయిస్, హ్యారిస్‌ల నుంచి బీద కుటుంబాలు వచ్చి దిగాయి. మొదటి జట్టు మానిటోబాలోని కిలార్నీ దగ్గర, రెండోది ఇప్పటి సస్కాచవాన్‌లోని సాల్ట్‌కోట్స్ దగ్గర. తమ దీవుల్లో వీళ్లు దొర భూమిలో చిన్న చెక్క కౌలుకు చేసుకుంటూ, చేపలు పడుతూ బతికిన క్రాఫ్టర్లు. ఇళ్లన్నీ దగ్గర దగ్గర, పశువుల మేత బీడు అందరిదీ.

క్రాఫ్టర్ల గోడు వినడానికి 1883లో ఒక కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. మద్రాసులో నేపియర్ వంతెన చూసినవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరు ఆయనే, మన కోస్తా, రాయలసీమ ఆయన ఏలుబడిలోవే. వలస వెళ్లేవాళ్లకు సర్కారు సాయం చెయ్యాలని ఆ కమిషన్ సిఫారసు చేసింది. 1886 చట్టం కౌలుదార్లను వెళ్లగొట్టకుండా కాపాడింది గాని, సెంటు భూమి లేనివాళ్లకు ఏమీ ఇవ్వలేదు. 1887 నవంబరులో లూయిస్‌లో ఆ పేదలే గుంపుగా దొరల వేట అడవిలో చొరబడి జింకలను కాల్చారు. మరుసటి ఏడాదికే కెనడా ప్రయాణం ఖాయమైంది. ఇందులో జాలి కన్నా వదిలించుకునే తొందరే నాకు ఎక్కువ కనిపిస్తుంది.

కుటుంబానికి 120 పౌన్ల అప్పు. సర్కారు రైతుకిచ్చే అప్పును మన పెద్దలు తక్కావీ అనేవారే, ఆ బాపతు. తాకట్టు ఆ కొత్త భూమే. ఎద్దులు, నాగలి, విత్తనం, పొయ్యి, తొలి ఏడాది తిండి అన్నీ అందులోంచే. దీవిలో పారతో, కాలితో తొక్కే నాగలితో రాళ్ల సందుల్లో సాగు చేసిన మనుషులకు ఎద్దుల జతను తోలడమే కొత్త. గడ్డి వేళ్లు దట్టంగా అల్లుకుపోయిన నేలను మొదటిసారి చీల్చడం ఇంకో యాతన. కలప దొరకని చోట ఆ నాగలి ఎత్తిన గడ్డిపెళ్లలనే, గడ్డి వైపు కిందికి పెట్టి, వరసలుగా పేర్చి గోడ లేపేవారు. ఈ ఒక్క పనిలో దీవివాళ్లకు తడబాటు ఉండి ఉండదు, పొయ్యిలోకి పీట్ మట్టిని పెళ్లలుగా కోసుకున్న చేతులు కదా! కప్పు కూడా గడ్డిపెళ్లలదే. బయట వాన వెలిసినా లోపల కురుస్తూనే ఉండేది.

మైదానాల్లో చాలామంది సెటిలర్లు పంటకు ముందే కళ్లజూసిన డబ్బు ఎముకలది. చచ్చిన అడవిదున్నల ఎముకలు ఏరి రైలుస్టేషను దగ్గర అమ్మితే అవి ఎరువుకూ, చక్కెర శుద్ధికీ పోయేవి. ఆ దున్నలే క్రీ, అసినిబోయిన్ ఆదివాసీ జాతుల తిండి. 1880ల నాటికి మందలు తుడిచిపెట్టుకుపోయాయి.

ఇక పంట. అప్పటి రెడ్ ఫైఫ్ గోధుమను పండేలోపే చాలాసార్లు మంచు కొట్టేసేది. దాన్ని హార్డ్ రెడ్ కలకత్తా అనే మన దేశపు గోధుమతో సంకరం చేసి తీసిన మార్క్విస్ రకం వారం ముందే కోతకొచ్చేది. అది రైతులకు అందింది 1909 తరవాత. సాల్ట్‌కోట్స్ క్రాఫ్టర్లలో ఎక్కువమంది కరువుకూ అప్పుకూ తాళలేక అప్పటికే భూములు వదిలిపోయారు. కిలార్నీ వాళ్లు కాస్త నిలదొక్కుకున్నారు.

కెనడాలో ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. మీ స్థలం ఆదివాసులతో సర్కారు చేసుకున్న ఏ ఒప్పందం కిందిదో ఒకసారి చూసుకోండి. సాల్ట్‌కోట్స్ 1874 నాటి నాలుగో ఒప్పందంలోది. ఆ పది డాలర్ల పట్టాకు ఆదివాసులు అర్హులు కారని 1876 ఇండియన్ చట్టం రాసిపెట్టింది. ఒప్పందం ప్రకారం వాళ్లకు దక్కే భృతి మనిషికి ఏడాదికి 5 డాలర్లు. ఇప్పటికీ అంతే ఇస్తున్నారు.