ముందు ఆయన్ని అడిగారా?

మా దాదా ఆత్రేయపురంలో జట్కా తోలేవారు. ఒకసారి బండిలో ఎవరిదో మూట పోయిందని ఆయన మీద ఇల్జామ్ వచ్చింది. స్టాండు పెద్దలు ఆయన్ని ఒక్క మాటా అడగకుండా, నెల రోజులు బండి కట్టొద్దన్నారు. తర్వాత ఆ మూట పోయిందన్నవాళ్ల ఇంట్లోనే దొరికింది. దాదాకి స్టాండులో చోటు మళ్లీ ఇచ్చారు గానీ, ఆ నెల సంపాదన ఎవరిస్తారు? "బండి ఆపమన్నారు సరే, గుర్రం ఆకలి ఆపగలరా?" అని ఆయన చివరిదాకా అనేవారు.

గుర్రం మీద బతికేవాళ్లకి ఇది కొత్త కాదు. 1791 అక్టోబర్‌లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో శామ్ చిఫ్నీ అనే జాకీ, వేల్స్ యువరాజు గుర్రం 'ఎస్కేప్' మీద 20వ తేదీన ఓడి, 21న గెలిచాడు. రెండోరోజు పందెం లాభం కోసం మొదటిరోజు కావాలనే ఓడాడని తొహ్మత్. మొదటి పరుగుతో గుర్రం ఒళ్లు తేలికపడిందని, రెండో పందెం దూరం వేరని చిఫ్నీ జవాబు. జాకీ క్లబ్ పెద్దలు విచారించారు, సబూత్ దొరకలేదు. అయినా చిఫ్నీ స్వారీ చేస్తే యువరాజు గుర్రాలతో ఏ పెద్దమనిషీ పోటీకి దిగడని సర్ చార్లెస్ బన్‌బరీ చెప్పేశాడు. యువరాజు అలిగి న్యూమార్కెట్ వదిలేశాడు, చిఫ్నీకి ఏడాదికి 200 గినీల వజీఫా ఇచ్చాడు. కొన్నేళ్లకి చిఫ్నీ దాన్నీ అమ్ముకున్నాడు. 1807లో అప్పుల ఖైదీగా ఫ్లీట్ జైల్లో చనిపోయాడు.

ఇలాంటి కథే మన హైదరాబాద్‌లోనూ జరిగింది, గుర్రం బదులు బ్యాటుతో. మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజహరుద్దీన్‌ని మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణపై క్రికెట్ బోర్డు 2000 డిసెంబర్ 5న జీవితకాలం నిషేధించింది. అప్పుడు రంజాన్ నెల. మర్నాడు ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ దగ్గర మా ఇంట్లో పెద్ద బహస్. "మనవాడని చేశారు" అన్నారు మా చాచా. అబ్బా ఒప్పుకోలేదు. "జడేజా, ప్రభాకర్, అజయ్ శర్మ కూడా ఉన్నారు కదా! తప్పు చేస్తే సజా పడాల్సిందే. గవాహీ ఏదని అడుగు, మజహబ్ ఏదని కాదు" అన్నారు.

సీబీఐ నివేదికలో అజహర్ మీద గట్టి మాటలే ఉన్నాయి. ఆయన వాటిని ఖండించి అదాలత్‌కి వెళ్లాడు. కింది కోర్టులో ఓడిపోయాడు. 2012 నవంబర్ 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని ఫైస్లా ఇచ్చింది. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. 99 టెస్టుల దగ్గర ఆగిన లెక్క అలాగే ఉండిపోయింది.

ఆయన నిజంగా ఏం చేశాడో అల్లాకే తెలుసు. నేను అడిగేది వేరు. ఒకరి రోజీ ఆపేముందు ఇల్జామ్ ఏమిటో అతనికి చెప్పాలి, సబూత్ చూపాలి, జవాబు వినాలి. ఆరోపించినవాడే ఖాజీ కాకూడదు. అప్పీలు పన్నెండేళ్లు కాదు, నెలల్లో తేలాలి. ఆటగాడికైనా షహసవార్‌కైనా వయసే పెట్టుబడి. బరీ అయినా అది తిరిగి రాదు.

హజ్రత్ అలీని యెమెన్‌కి ఖాజీగా పంపుతూ, రెండోవైపు మాట వినకుండా ఫైస్లా చెయ్యొద్దని రసూలుల్లా చెప్పారని హదీసుల్లో ఉంది. మనం బయాన్లలో ఎన్నిసార్లు విని ఉంటాం! అయినా మన మొహల్లాల్లో ఎవరి మీదో ఒక మాట పుడితే చాలు, "వాళ్లని దావత్‌కి పిలవకండి" అంటాం. పిల్ల నిస్బత్ ఆగిపోతుంది, దుకాణం ఖాళీ అవుతుంది. పెద్దమనుషులు కూర్చునేది ఆ తర్వాత.

ఈసారి అలాంటి మాట మీ దస్తర్‌ఖాన్ దగ్గరికి వస్తే, మా దాదా స్టాండులో ఎవరూ అడగని మాట మీరు అడగండి: ముందు ఆయన్ని అడిగారా?