డిస్క్ కూర్చునే చోటు

మదర్‌బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ బిగించడానికి ఇవాళ ఒక్క స్క్రూ చాలు. దాని మందం 2 మిల్లీమీటర్లు. చెయ్యి జారి క్యాబినెట్‌లో పడిందంటే అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్‌తో వెతుక్కోవలసిందే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలకను కొంచెం ఏటవాలుగా స్లాట్‌లోకి తోస్తాం. పైకి లేచి ఉన్న రెండో కొసను వేలితో అదిమి ఆ స్క్రూ తిప్పుతాం. పని అయిపోతుంది. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి ఫోన్‌లో మాట ముగిసేలోపు ఇవతల డ్రైవ్ ఎక్కేస్తుంది.

పని ఇంత చిన్నది కావడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. అందులో చివరి భాగం నా చేతుల మీదుగానే జరిగింది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే ఆ బజారులో, నేను అసెంబ్లింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఖమ్మంలో సొంత సర్వీసు షాపు నడుపుతున్నాను. ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. డిస్క్ ఎక్కడ కూర్చుంది, దాన్ని ఎవరు ఎలా కూర్చోబెట్టారు అన్నది ఎవరూ రాయరు. నా దృష్టిలో కంప్యూటర్ చరిత్రలో సగం అక్కడే ఉంది. ప్రాసెసర్‌కీ డిస్క్‌కీ మధ్య దూరం ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. దూరం తగ్గిన ప్రతిసారీ మా పని మారింది.

మొదట్లో డిస్క్‌ది ప్రత్యేక సంసారం. 1956లో ఐబీఎం రామాక్ యంత్రంతో వచ్చిన తొలి హార్డ్ డిస్క్ బీరువా కంటే పెద్దది, టన్నుకు పైగా బరువు. 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి తిరిగేవి. అన్నీ కలిపి దాచుకున్నది సుమారు 50 లక్షల అక్షరాలు. 1980లో షుగార్ట్ టెక్నాలజీ, అంటే తర్వాత సీగేట్‌గా మారిన కంపెనీ, అంతే సమాచారాన్ని 5 మెగాబైట్ల ఎస్‌టీ-506 డ్రైవ్‌లో పెట్టి చేతిలో పట్టేలా చేసింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్క్‌తో వచ్చేసరికి హార్డ్ డిస్క్ బల్ల మీది పెట్టెలోకి చేరింది. అయినా దాన్ని నడిపే తెలివి దాని దగ్గర లేదు. కంట్రోలర్ కార్డు వేరుగా ఒక స్లాట్‌లో ఉండేది. అక్కడి నుంచి డ్రైవ్‌కి రెండు రిబ్బన్ కేబుళ్లు, ఒకటి 34 పిన్నులది, ఇంకొకటి 20 పిన్నులది.

మన హైదరాబాద్‌కి కంప్యూటర్ కొత్తేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్. రావుగారు తీర్చిదిద్దిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 తెచ్చింది. కానీ అలాంటి యంత్రాలు సంస్థల గదుల్లో ఉండేవి. మామూలు మనిషి డిస్క్‌ని చేత్తో పట్టుకోవడం అసెంబుల్డ్ సిస్టమ్ రోజుల్లో మొదలైంది. దానికి దారి తీసిన మార్పు 1986లో జరిగింది. ఆ ఏడాది కాంపాక్ తన డెస్క్‌ప్రో 386లో కంట్రోలర్‌ని డ్రైవ్ మీదికే ఎక్కించి, బోర్డుకీ దానికీ మధ్య ఒకే 40 పిన్నుల కేబుల్ మిగిల్చింది. మేం ఐడీఈ అని పిలిచింది దాన్నే.

నేను సీటీసీలో అడుగుపెట్టేనాటికి రాజ్యం ఆ కేబుల్‌దే. మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం దాని అంచున ఉండే ఎర్ర గీత గురించి. ఆ గీత ఒకటో పిన్ను వైపు ఉండాలి, డ్రైవ్‌లో అది కరెంటు సాకెట్ పక్కకు రావాలి. రెండో పాఠం జంపర్. ఒక కేబుల్‌కి రెండు డ్రైవ్‌లు తగిలిస్తే ఒకటి మాస్టర్, ఇంకొకటి స్లేవ్ కావాలి. గోరంత ప్లాస్టిక్ టోపీని డ్రైవ్ వెనక పిన్నుల మీద సరైన జతకు తొడగాలి. రెండూ మాస్టర్‌లైనా, రెండూ స్లేవ్‌లైనా స్క్రీన్ మీద ఏదీ కనపడదు. తర్వాత 80 సన్న తీగల కేబుళ్లు వచ్చాయి. వాటి నీలం కొస బోర్డుకి, నల్ల కొస మాస్టర్‌కి, మధ్యలో బూడిద రంగుది స్లేవ్‌కి. కేబుల్ పొడవు 18 అంగుళాలు దాటకూడదు. అందువల్ల క్యాబినెట్‌లో డ్రైవ్‌ని ఏ అరలో పెట్టాలో కేబులే నిర్ణయించేది. ఆ వెడల్పాటి పట్టీని గాలికి అడ్డం రాకుండా మడిచి కట్టడంలో ఉస్తాద్‌ది గొప్ప చెయ్యి. ఆయన కట్టిన సిస్టమ్‌ని మూత తీయగానే గుర్తుపట్టేవాణ్ణి.

బిగించడంతో పని అయిపోయేది కాదు. బోర్డుకి డిస్క్ గురించి మనమే చెప్పాలి. డ్రైవ్ మీది కాగితంపై ముద్రించిన సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలను బయోస్‌లో టైప్ చేసేవాళ్లం. ఆ అంకెలకు కేటాయించిన చోటు చిన్నది కావడంతో పరిశ్రమ పదేపదే గోడను గుద్దుకుంది. మొదటి గోడ 528 మెగాబైట్ల దగ్గర, తర్వాతిది 8.4 గిగాబైట్ల దగ్గర. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది 137 గిగాబైట్ల గోడ. డిస్క్ చిరునామాకు 28 బిట్లే ఉండేవి, అంతకు మించిన గడిని పిలవడానికి అంకె లేదు. 160 జీబీ డిస్క్ కొని ఇంటికెళ్లినవాళ్లు విండోస్ ఎక్స్‌పీలో 127 చూసుకుని మోసపోయామనుకుని తిరిగొచ్చేవాళ్లు. మోసం ఏమీ లేదు. 2002లో ప్రమాణం 48 బిట్లకు పెరిగింది, ఎక్స్‌పీ మొదటి సర్వీస్ ప్యాక్ దాన్ని అందుకుంది. ఈ సంగతి ఓపికగా చెప్పిన దుకాణానికి మనుషులు మళ్లీ వచ్చేవాళ్లు. బజారులో నిలబెట్టేది ఆ ఓపికేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

2003లో సాటా ప్రమాణం వెలువడింది. కొద్ది ఏళ్లలో రిబ్బన్‌లు పోయి 7 పిన్నుల సన్న కేబుల్ వచ్చింది, జంపర్‌తో పని లేకుండా పోయింది. కొత్త చిక్కు మాత్రం ఒకటి తగులుకుంది. సాటా డ్రైవ్‌ని పూర్తిగా వాడుకునే ఏహెచ్‌సీఐ మోడ్‌కి ఎక్స్‌పీలో డ్రైవర్ ఉండేది కాదు. ఇన్‌స్టాల్ మొదలవగానే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి ఇవ్వాలి. అప్పటికే ఫ్లాపీ డ్రైవ్‌లు అమ్మడం మానేశారు. సీటీసీలో ఒక పాత ఫ్లాపీ డ్రైవ్ అప్పుగా షాపు నుంచి షాపుకి తిరిగిన రోజులవి.

కేబుల్ ఎంత సన్నబడినా లోపల పళ్లెం తిరగడం ఆగలేదు. నిమిషానికి 7,200 చుట్లంటే సెకనుకి 120. మనకు కావలసిన గడి, చదివే ముల్లు కిందికి రావడానికి సగటున 4 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి, ముల్లు కదిలే సమయం అదనం. 3 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్‌కి ఆ 4 మిల్లీసెకన్లలో కోటీ 20 లక్షల సైకిళ్లు గడిచిపోతాయి. "భాయ్, ర్యామ్ కూడా పెంచా, ఇంకా స్లో ఉంది" అని వచ్చే ప్రతివాడి కష్టం ఇక్కడిదే.

జవాబు చాలా ముందే తయారై ఉంది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావోన్ కాంగ్, సైమన్ జీ కలిసి ఫ్లోటింగ్ గేట్‌ని కనిపెట్టారు. చుట్టూ అవాహకం ఉన్న చిన్న గదిలో ఎలక్ట్రాన్లను బంధిస్తే కరెంటు పోయినా అవి అక్కడే ఉంటాయి. దాన్ని చవగ్గా, దట్టంగా పేర్చే దారి చూపింది తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుయోకా. 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో నాండ్ రకాన్ని ఆయన ప్రపంచానికి చూపించారు. ఇవాళ మన ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు అన్నీ నాండ్ మీదే నడుస్తాయి. తన కృషికి తగిన ప్రతిఫలం కోసం ఆయన తన పాత కంపెనీ మీద కోర్టుకి వెళ్లవలసి వచ్చింది. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌ల దగ్గర రాజీ కుదిరింది. ఎస్‌ఎస్‌డీ పెట్టె విప్పే ప్రతి కుర్రాడికీ ఆయన పేరు చెబుతాను. ఈ పనితో బతికేవాళ్లకు ఆ పేరు తెలియకపోవడం నాకు సహించదు.

కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహరోత్రా, ఎలీ హరారీ, జాక్ యువాన్ 1988లో మొదలుపెట్టిన సన్‌డిస్క్ (తర్వాత శాన్‌డిస్క్) 1991లో 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీని ఐబీఎంకి అమ్మింది. దాని ధర సుమారు 1,000 డాలర్లు. మామూలు కొనుగోలుదారు దాకా ఆ సరుకు రావడానికి ఇంకో 17 ఏళ్లు పట్టింది. 2008లో ఇంటెల్ ఎక్స్25-ఎం వచ్చినప్పుడు 80 గిగాబైట్లకు 595 డాలర్లు. సీటీసీలో దాన్ని అద్దాల వెనక చూసి వెళ్లిపోయేవాళ్లం. తర్వాత 2011 వరదల్లో థాయ్‌లాండ్‌లోని హార్డ్ డిస్క్ కర్మాగారాలు మునిగాయి. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. హార్డ్ డిస్క్ చవక అన్న ధీమా జనంలో మొదటిసారి కదిలింది అప్పుడేనని నాకనిపిస్తుంది.

తొలి ఎస్‌ఎస్‌డీలు పాత వేషంలోనే వచ్చాయి. అదే రెండున్నర అంగుళాల పెట్టె, అదే సాటా కేబుల్. విప్పి చూస్తే లోపల సగం ఖాళీ. నాకు మాత్రం వాటి మీద ఎంతో ప్రేమ. డిగ్రీ పిల్లలు తెచ్చిన పాత సిస్టమ్‌లో ఒకటి పెట్టి, ఫార్మాట్ కొట్టి ఇస్తే, అయిదు నిమిషాలకు గానీ లేవని యంత్రం పావు నిమిషంలో లేచేది. పారేయాల్సిన కంప్యూటర్లు ఎన్నింటికో ఆ పెట్టె ఇంకో అయిదారేళ్ల ఆయుష్షు పోసింది.

పెట్టె, కేబుల్ రెండూ అనవసరమని తేలాక మిగిలింది పలక. 2011 మార్చిలో వెలువడిన ఎన్‌వీఎంఈ ప్రమాణం తిరిగే పళ్లేన్ని లెక్కలోంచి తీసేసింది. ఏహెచ్‌సీఐకి ఒకే వరుస, అందులో 32 ఆదేశాలు. ఎన్‌వీఎంఈలో 65 వేలకు పైగా వరుసలు, ఒక్కోదాంట్లో అన్నేసి ఆదేశాలు పడతాయి. కూర్చునే చోటుగా ఎం.2 స్లాట్ వచ్చింది. 2014లో ఇంటెల్ జెడ్97 బోర్డులతో అది మా బల్లల మీదికి చేరింది. డ్రైవ్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారుల మీద నేరుగా ప్రాసెసర్‌తో మాట్లాడటం మొదలైంది. సాటాలో సెకనుకి 550 మెగాబైట్ల దగ్గర ఆగిన వేగం మూడో తరం నాలుగు దారుల మీద 3,500కి, నాలుగో తరంలో 7,000కి వెళ్లింది.

కేబుల్ పోయింది కాబట్టి తెలివితో పని లేదనుకుంటే పొరపాటు. ఒకే ఆకారంలో రెండు రకాల డ్రైవ్‌లు వస్తాయి. "అన్నా, స్లాట్‌ల మంచిగనే కూసుంది కదా, మరెందుకు చూపిస్తలేదు?" అని ఇప్పటికీ వస్తుంటారు. చూస్తే ఎం.2 సాటా డ్రైవ్‌ని ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే స్లాట్‌లో పెట్టి ఉంటారు. బంగారు పిన్నుల వరుసలో రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒక్కటే ఉండి అది ఎం స్థానంలో ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరు, బలవంతం పనికిరాదు. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపగానే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, ఎందుకంటే రెండూ పంచుకునేది ఒకే దారి. పాత హార్డ్ డిస్క్ చచ్చిపోయిందని కంగారుపడి వచ్చేవాళ్లకు కేబుల్ పక్క పోర్టులోకి మార్చి ఇస్తాను. హీట్‌సింక్ కింది ప్యాడ్ మీద ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవి, స్క్రూ కింద ఉండాల్సిన ఇత్తడి బుడిపె పోయి టేపుతో అంటించినవి కూడా చూస్తుంటాను. వేడెక్కిన డ్రైవ్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఎర్ర గీతనీ జంపర్‌నీ చూసే కన్నుకి ఇప్పుడు బోర్డు మాన్యువల్‌లోని చిన్న అక్షరాల పట్టిక చదివే ఓర్పు కావాలి. షాపులో పనికొచ్చే పిల్లలకు స్క్రూడ్రైవర్ ఇచ్చే ముందు ఆ పట్టికే ఇస్తాను.

దూరం అంతటితో ఆగలేదు. కొన్ని పలుచటి లాప్‌టాప్‌లలో ఫ్లాష్ చిప్‌ని బోర్డుకే టంకం వేసేస్తున్నారు. ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకామె అలాంటిదే తెచ్చింది. 64 గిగాబైట్లు నిండిపోయాయి, విండోస్ అప్‌డేట్‌కి కూడా చోటు లేదు, పెద్దది వేయమంది. మూత విప్పి బోర్డు చూపించాను. ఎం.2 స్లాట్ ఉండాల్సిన చోట రాగి ప్యాడ్లు ఉన్నాయి, స్క్రూ కోసం రంధ్రం ఉంది, స్లాట్ మాత్రం పెట్టలేదు. పక్కన ఉండాల్సిన చిన్న చిన్న భాగాలూ లేవు. స్లాట్ కొని అతికించినా పనిచేస్తుందన్న హామీ ఇవ్వలేను. పంపించేశాను, ఆ సాయంత్రమంతా నా మనసు మనసులో లేదు. నాలుగేళ్ల చదువు కోసం కొన్న యంత్రం రెండో ఏడాదికే ఇరుకైపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. కొన్నాక డిస్క్ మార్చుకునే హక్కు కొన్నవాళ్లది, దాన్ని నిలబెట్టేది ఆ 2 మిల్లీమీటర్ల స్క్రూయే.

అప్పటి నుంచి షాపు ముందు ఒక కాగితం అంటించాను. లాప్‌టాప్ కొనబోయేవాళ్లు డబ్బు కట్టే ముందు మోడల్ నంబరు తెస్తే, సర్వీస్ మాన్యువల్ తెరిచి డిస్క్ స్లాట్ ఉందా, ఏ రకం, ఎంత పొడవు పడుతుంది అన్నవి చూసి చెబుతాను. దానికి రూపాయి తీసుకోను. జూన్, జూలై నెలల్లో, కాలేజీలు తెరిచే ముందు, సాయంత్రం పూట షాపుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ నంబరు రాసుకున్న చీటీతోనే వస్తున్నారు.