తాతలతో పని పడినప్పుడు

ఫాక్స్‌ఫైర్ అంటే మాటకి మాట పెడితే నక్కనిప్పు. నక్కకీ దానికీ ఏ సంబంధమూ లేదు లెండి. తేమ అడవుల్లో పుచ్చిపోయిన చెక్క మీద పెరిగే ఒకరకం బూజు చీకట్లో నీలిపచ్చగా మెరుస్తుంది, దాని పేరది. 1966లో జార్జియా కొండల్లో, రేబన్ గ్యాప్ అనే చోట, హైస్కూలు పిల్లలు తాము పెట్టబోయే పత్రికకి ఈ పేరు ఎంచుకున్నారు. పెద్దవాళ్ళనీ పిల్లల్నీ ఎలా కలపాలని మన సంఘాల్లో చర్చ వచ్చినప్పుడల్లా నాకు వీళ్ళే గుర్తొస్తారు.

ఎలియట్ విగింటన్ అని కుర్ర ఇంగ్లీషు మాస్టారు, కార్నెల్లో చదువుకుని అప్పుడే ఉద్యోగంలో చేరాడు. పిల్లలు ఆయన మాట వింటే ఒట్టు. ఒకడైతే ఆయన పాఠం చెప్పే బల్లకే నిప్పు పెట్టబోయాడు. చివరికి విసిగిపోయి, ఈ పాఠ్యపుస్తకం పక్కన పడేసి పత్రిక పెడదామా అని అడిగాడట. బడి దగ్గర డబ్బుల్లేవు. పిల్లలే ఊళ్ళో చందాలు దండి ఓ 450 డాలర్లు పోగేశారు. 1967లో మొదటి సంచిక 600 కాపీలు వేస్తే వారంలో అయిపోయాయి. మళ్ళీ ఇంకో 600 వేశారు.

పత్రికన్నాక పేజీలు నింపాలి కదా! టేప్ రికార్డరు పట్టుకుని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. రిటైరైన షెరీఫు ఒకాయన ఊరి బ్యాంకు దోపిడీ కథ చెప్పాడు. చిట్కా వైద్యాలూ, శకునాలూ దొరికాయి. తర్వాత్తర్వాత దుంగలతో ఇల్లు కట్టడం, సబ్బు వండడం, రాశులు చూసి విత్తనం వెయ్యడం, ఆఖరికి దొంగసారా కాచడం కూడా. (మనవైపు పిల్లలు నాటుసారా మీద ప్రాజెక్టు చేస్తానంటే హెడ్మాస్టరు ఏమంటాడో ఊహించుకోండి.)

వీళ్ళలో అందరికీ నచ్చేసిన మనిషి ఆంట్ ఏరీ. మన ఊళ్ళల్లో అత్తా, పిన్నీ అన్నట్టు ఆవిడ అందరికీ ఆంటే. ఎనభై దాటిన వయసు, దుంగల ఇంట్లో ఒంటరి కాపురం, నీళ్ళు నూతిలోంచి తోడుకోవడమే. వీళ్ళు మొదటిసారి వెళ్ళేసరికి పంది తల ముందేసుకుని దాని కళ్ళు పీకలేక అవస్థ పడుతోంది. వెళ్ళినవాళ్ళూ ఓ చెయ్యి వేశారు. ఇంటర్వ్యూ అక్కడ మొదలైందన్నమాట.

నాకు కీలకంగా తోచేది ఇదే. పిల్లలకి పెద్దవాళ్ళతో నిజంగా పని పడింది. వాళ్ళు చెప్పకపోతే సంచిక రాదు. మన దగ్గర తాతగారికి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెడతాం, మనవరాలు స్టేజీ మీద డాన్సు చేస్తుంది, ఆయన చప్పట్లు కొడతాడు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పనేమీ లేదు. ఆరునెలలు ఉండి ఆయన వెళ్ళిపోతాడు.

ఇంకో సంగతి. ఆ కొండ యాసని మిగతా అమెరికా ఎప్పుడూ వెక్కిరించేది. పిల్లలు మాత్రం టేపులో విన్నది విన్నట్టే, వ్యాకరణం దిద్దకుండా అచ్చువేశారు. ఇంట్లో నాయనమ్మ మాట్లాడే భాష అచ్చులో కనిపిస్తే పదహారేళ్ళ పిల్లకి ఎలా ఉంటుందో, యాస దాచుకుని హైదరాబాదు హాస్టళ్ళలో చదువుకున్న మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు.

1972లో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వచ్చి లక్షల్లో అమ్ముడుపోయాయి. ఆ వరస 2004లో పన్నెండో సంపుటం దాకా సాగింది. రాయల్టీ డబ్బుతో 1974లో బ్లాక్ రాక్ కొండ మీద స్థలం కొని, చుట్టుపక్కల పాత దుంగల ఇళ్ళు విప్పుకొచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు.

ఈ కథలో చేదూ ఉంది, దాచడం న్యాయం కాదు. 1992లో విగింటన్ ఒక చిన్న కుర్రాడి మీద లైంగిక అత్యాచారం చేసిన నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు. సంస్థతో సంబంధం అక్కడితో తెగింది. అంత దెబ్బ తగిలినా పత్రిక ఆగలేదు. అప్పటికే అది మాస్టారిది కాదు, ఆ కొండల్లో ముసలివాళ్ళదీ పిల్లలదీ.

కొండ మీది ఇళ్ళు ఇప్పుడు మ్యూజియం. అట్లాంటా నుంచి కారులో సుమారు రెండు గంటలు. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు స్టోన్ మౌంటెన్‌తో పాటు అదీ చూపించండి. పిండిమర, మగ్గం, కమ్మరి కొలిమి ఉన్నాయి. అక్కడ గైడు చెప్పేది అయ్యాక మీ నాన్నగారిని అడగమని పిల్లల్ని ముందుకు తొయ్యండి. ఫోన్లో రికార్డింగు నొక్కడం మాత్రం మర్చిపోకండి.