పాటకు పీట వేసిన పండితుడు: బిరుదురాజు రామరాజు

అక్కన్నపేట మండలం 2016లో సిద్దిపేట జిల్లాతో పాటే ఏర్పడింది. అంతకు ముందు ఈ ఊరు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ మండలంలో ఉండేది. మండలానికి వయసు తక్కువే కాని ఈ ప్రాంతపు కథలకు వయసు ఎక్కువ. హుస్నాబాదులోని ఎల్లమ్మ గుడిని సర్వాయి పాపన్న కట్టించాడని ఇక్కడివారు చెప్పుకుంటారు. 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలుల చేతిలో మరణించిన ఈ గౌడ వీరుడు ఖాఫీఖాన్ పారశీక చరిత్రలో ఒక బందిపోటు. జనం పాటలో కథానాయకుడు. ఆ పాట నొకదానిని జె.ఎ.బాయిల్ 1874లోనే ఇండియన్ యాంటిక్వెరీలో ప్రకటించాడు.

ఈ రెండింటిలో దేనిని నమ్మాలి? నా మట్టుకు నాకు రెండూ కావాలి. దర్బారు చరిత్రకారుడు పాలకుల భయాన్ని రాశాడు; పాటగాడు పాలితుల ఆశను పాడాడు. అయితే పాటను కూడా పండితులు కూర్చుని చదవదగిన వస్తువుగా మన విశ్వవిద్యాలయాలలో నిలబెట్టిన వారెవరని వెదికితే, ముందుగా తట్టే పేరు ఆచార్య బిరుదురాజు రామరాజు.

ఆయన 1925 ఏప్రిల్ 16న వరంగల్ జిల్లా దేవనూరులో జన్మించారు. నిజాం రాజ్యంలో ఉర్దూ చదువుల నడుమ పెరిగి, తెలుగులో పరిశోధనకు పూనుకున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖండవల్లి లక్ష్మీరంజనం పర్యవేక్షణలో ఆయన ఎంచుకున్న విషయం ప్రబంధమూ కాదు, శతకమూ కాదు. పల్లె జనం నోటి పాట. ఆ సిద్ధాంత గ్రంథం 'తెలుగు జానపద గేయ సాహిత్యము' పేరిట 1958లో వెలువడింది.

అంతకు ముందు పాటలు సేకరించినవారు లేకపోలేదు. టేకుమళ్ళ కామేశ్వరరావు, నేదునూరి గంగాధరం వంటివారు ఎంతో శ్రమపడ్డారు. రామరాజుగారు వేసిన తరువాతి అడుగు, ఆ రాశికి ఒక శాస్త్రీయమైన అమరిక కల్పించడం. పురాణ కథల పాటలు, చారిత్రక గేయాలు, స్త్రీల పాటలు, పనిపాటల గేయాలు, పిల్లల పాటలు – ఇలా దేనికది విడదీసి పరిశీలించడంతో, చెల్లాచెదురుగా కనిపించిన సంపద ఒక వాఙ్మయంగా కనిపించసాగింది. నాయని కృష్ణకుమారి మొదలైనవారు ఆ బాటలోనే జానపద గేయగాథలపై పరిశోధించారు.

నన్ను మరింత ఆకట్టుకునేది ఆయన తరువాతి కృషి. ఊరూరా తాళపత్ర గ్రంథాలను సేకరించారు. 'మరుగున పడిన మాణిక్యాలు', 'చరిత్రకెక్కని చరితార్థులు' – ఈ పేర్లు చూస్తేనే ఆయన తపన ఏమిటో తెలుస్తుంది. 'ఆంధ్రయోగులు' సంపుటాలలో ఎందరో సాధువుల, అవధూతల జీవితాలను నమోదు చేశారు. వాటిలోని మహిమలను చరిత్రగా అంగీకరించనక్కరలేదు. కాని ఏ ఊరి వారు ఎవరిని తలచుకున్నారు, ఎందుకు తలచుకున్నారు అన్నది మాత్రం చరిత్రే. పాపన్న గుడి కథ విషయంలోనూ నేను చెప్పదలచినది ఇదే. శాసనం దొరకనంత మాత్రాన ఆ నమ్మకం విలువ లేనిది కాదు. నమ్మకం ఉన్నంత మాత్రాన అది శాసనమూ కాదు.

భారత ప్రభుత్వం ఆయనను జాతీయ ఆచార్యునిగా గౌరవించింది. 2010 ఫిబ్రవరి 8న ఆయన కన్నుమూశారు.

అచ్చయిన పాటలో మాట మిగులుతుంది, బాణీ జారిపోతుంది. నాట్లు యంత్రం వేస్తే నాటు పాటకు పని ఉండదు. విసుర్రాయి మూలబడితే విసుర్రాయి పాట నోట రాదు. తాళపత్రానికి చెదలు పట్టినా ఒక ముక్కయినా మిగలవచ్చు. పాడే మనిషి పోతే పాట ఆనవాలు కూడా మిగలదు. నేడు మన జేబులో ఉన్న ఫోను చాలు, గొంతును కూడా దాచిపెట్టడానికి. పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారో అడిగి రాసుకోవడం మాత్రం ఏ పరికరమూ చేయదు. ఆ పని మనదే, అదీ పాడేవారు ఉండగానే.