బళ్లారి వీధిబడుల లెక్కలు - నిశ్శేష భాగహారము

బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగష్టు నెలలో మద్రాసు రెవెన్యూ బోర్డునకు వ్రాసిన లేఖ కన్నడసీమ తెలుగువారి విద్యాచరిత్రకు విలువగల ఆధారము. ఆ జిల్లాలో అప్పుడు 533 పాఠశాలలుండెను. కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226. అనంతపుర ప్రాంతము 1882 వఱకు ఆ జిల్లాలోనిదే గనుక ఈ తెలుగు బడులన్నియు నేటి కర్ణాటకములోనివని యెంచరాదు. అయినను రెండు భాషల చదువులును ప్రక్కప్రక్కన సాగెననుట స్పష్టము.

పిల్లవాడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును, ఎక్కములు వల్లించును, పిదప ద్రవ్యమునకు, కొలతలకు సంబంధించిన లెక్కలు చేయును. భిన్నముల యెడ పంతుళ్లు మిక్కిలి శ్రద్ధ వహించిరనియు, అవి పదవ వంతులుగా గాక నాల్గవ వంతులుగా దిగుచుండెననియు కాంబెల్ వ్రాసినాడు. కాలు, వీసము, కాని అనగా 1/4, 1/16, 1/64. అరవ లెక్కలో కాణి 1/80, ముంతిరి 1/320. దాదాపు ఒకే మాటకు రెండు విలువలు! అరవదేశమున స్థిరపడిన తెలుగు వర్తకునకు ఇది చిన్న చిక్కు గాదు.

పూర్ణాంకములు పదులలో పెరుగుచు, భాగములు నాలుగులలో తరుగుచున్నప్పుడు ఒక సంఖ్య నాలుగింట, పదునాఱింట శేషము లేక తెగునా యను ప్రశ్న దినదినము వచ్చునదే. నూఱు నాలుగింట తెగును గనుక చివరి రెండంకెలు చూచిన చాలును. పదివేలు పదునాఱింట తెగును గనుక చివరి నాలుగంకెలు చాలును. 57,232 అణాలు సరిగా రూపాయలగునా? 7,232లో పదునాఱులు 452, శేషము లేదు. కావున అగును, మొత్తము 3,577 రూపాయలు. తొమ్మిది సంగతి వేఱు. పది యనగా తొమ్మిదియు నొకటి, నూఱనగా తొంబదితొమ్మిదియు నొకటి. అందుచే అంకెల మొత్తమే శేషమును తెలుపును. రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున గుణకారాదులను ఈ తొమ్మిదితో సరిచూచు పద్ధతి కలదు.

కన్నడసీమకు, తెనుగునకు గణితబాంధవ్యము ప్రాచీనము. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. మూలమున 152207ను 73చే గుణించి 11111111ను రప్పించు వంటి హారసంఖ్యలు కలవు. ఇవి వినోదములుగా కనబడును గాని, ఏ సంఖ్య దేనిచే తెగునో ఎఱుగనివాడు ఇట్టివి కల్పింపజాలడు.

పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని కాంబెల్ ఆ బడులను తప్పుపట్టెను. ఆ తప్పు ఇంగ్లీషు పాఠశాలలతో తొలగిపోలేదు. “అంకెల మొత్తము మూడింట తెగిన సంఖ్యయు తెగును” అని పిల్లలచే చెప్పించి, ఏల యని అడుగనీయని బోధన అట్టిదే. 192 పైల పాత రూపాయిని ముగ్గురు సమముగా పంచుకొనవచ్చును. 1957 ఏప్రిల్ 1న వచ్చిన నూఱు నయాపైసల రూపాయిలో ఒకటి మిగులును. ఈ ఒక్క లెక్కతో పిల్లవానికి కారణము బోధపడును.

సుమారు 9 లక్షల 28 వేల జనాభాలో ఆ బడులకు వచ్చుచుండినవారు 6,641 మంది మాత్రమే. పూర్వము బడులున్న పెక్కు గ్రామములలో ఇప్పుడు లేవని కాంబెలే ఒప్పుకొనినాడు. సీమబట్టల రాకచే నేతపని దెబ్బతిని, దేశము క్రమముగా పేదదగుటయే అందులకు అతడు చూపిన కారణము. కూడు లేని యింటి బిడ్డ ఎక్కములకు గాక కూలికే పోయెను.