కపిల తొండం

కాణిపాకం కథ అందరికీ తెలిసిందే. గుడ్డి, చెవుడు, మూగ అయిన ముగ్గురు అన్నదమ్ములు. వాళ్ళకొక కాణి భూమి, ఒక బావి. నీళ్ళు అడుగంటితే లోతు చేస్తున్నారు. గునపం రాయికి తగిలి రక్తం చిమ్మింది, వాళ్ళ అవిటితనం పోయింది, వరసిద్ధి వినాయకుడు బయటపడినాడు. పదకొండో శతాబ్దంలో కులోత్తుంగ చోళుడు గుడి కట్టించినాడని చెప్తారు. ఆ కథలో బావి ఉంది, నీళ్ళున్నాయి, జనం కొట్టిన కొబ్బరికాయలున్నాయి. తోలు మాత్రం లేదు. కథలో ఏతాము అంటారు. మా తాత ఎరిగిన కాలానికి ఆ పక్క చేలల్లో కపిల బావులే.

కపిలంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. జత ఎద్దులు పల్లానికి నడిస్తే మోకు లాగుతుంది, బావిలోంచి తోలుబాన పైకొస్తుంది. బాన కింద తోలుతోనే కుట్టిన తొండం ఉంటుంది. గట్టుకు రాగానే ఆ తొండంలోంచి నీళ్ళు కాలవలో పడతాయి. బాననూ తొండాన్నీ కుట్టేది మాదిగోళ్ళు. తోలెక్కడిది? ఆ కాపు ఇంట్లోనే చచ్చిన ఎద్దుది. ఎద్దు చస్తే మాదిగపల్లెకు కబురొచ్చేది. ఎండనక వాననక ఈడ్చుకొచ్చి, తోలు ఒలిచి, సున్నంలో వేసి, తంగేడు చెక్కతో లందలో ఊరబెట్టి, బాన కుట్టి, మళ్ళీ ఆ కాపుకే ఇయ్యాల. దానికి కళ్ళంలో ఇంత మేర. మిగిలిన మాంసం మాది.

ఆ బానతో తోడిన నీళ్ళతో మడి పారె. వడ్లు పండె, చెరకు పండె. ఆ బియ్యమే నైవేద్యమాయె, ఆ బెల్లమే ఉండ్రాళ్ళలో కలిసె. తోలును తాకిన నీళ్ళకు మైల లేదు. తోలు తీసిన చేతికి ఉంది. దేవుడిదీ తొండమే, మా తాత కుట్టిందీ తొండమే. ఒకటి గర్భగుడిలో ఉండె, ఒకటి బావిగట్టున ఉండె.

మాంసం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాల. మా అవ్వ చెప్పేది, గొడ్డు పడిందంటే పల్లెలో పండగేనని. ఇంటికొక కుప్ప వేసి పంచుకునేవాళ్ళు. వండుకోంగా మిగిలింది సన్నగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఎండేసేవాళ్ళు. కాకుల్ని తోలడం పిల్లల పని. ముసురు పట్టి కూలి దొరకని నాడు ఆ ఉప్పుకండను నిప్పుల మీద కాల్చుకొని రాగిసంగటిలో నంజుకుంటే ఆ పూట గడిచిపోయేది. అదే అవ్వ ఇంకోటి కూడా చెప్పేది. దొమ్మరోగంతో పడిన గొడ్డును తిని చచ్చిపోయినోళ్ళు ఉండారని. ఎట్ల చచ్చిందో అడిగే హక్కు మాకు లేకపోయె. రుచి మాదే. ఆ రోగపు గొడ్డును మా నెత్తిన వేసింది మాత్రం వెట్టి.

ఏది తినొచ్చు, ఏది తినగూడదు అనే లెక్క జంతువును బట్టి నడిచిందని నేను నమ్మను. అడవిపందిని కొడితే ఊళ్ళో పెద్దిండ్లకు కూడా పాళ్ళు పోయేవి. ఊరపందిని పెంచేవాడు మాత్రం అంటరానోడు. చెవులపిల్లి, కౌజుపిట్ట దొరికితే దొడ్డోళ్ళకు సంబరం. యానాదులు వరిచేల గట్లు తవ్వి ఎలకల్ని పట్టుకుంటే, కాపుకు పంట మిగిలేది, వాళ్ళకు కూర దొరికేది. కాపు పిలిచి మరీ పట్టించుకునేవాడు. బ్రహ్మోత్సవాల్లో మూషిక వాహనానికి మొక్కేది ఆ కాపే, ఎలకలు తింటారని యానాదుల్ని దూరం పెట్టేదీ ఆ కాపే. మావాళ్ళూ తక్కువేం కాదు. గొడ్డుకూర తినే మా అవ్వ ఎలకల కూర చూసి ముక్కు మూసుకునేది. మెట్టు కింద మెట్టు. ఎవరికి వాళ్ళు ఒక మెట్టు పైనున్నామని నమ్మించడమే ఈ లెక్క చేసిన పని.

పాతకాలంలో ఈ లెక్క ఇట్లా లేదు. పాణిని వ్యాకరణంలో 'గోఘ్న' అనే మాట ఉంది. ఎవరి కోసం ఆవును కోస్తారో ఆ అతిథి అని దానికి అర్థం. 1948లో అచ్చయిన అంటరానివారి పుస్తకంలో అంబేడ్కర్ ఆ మాటను పట్టుకొనే అడిగినాడు, ఒకప్పుడు అందరూ తిన్నది తర్వాత కొందరికే పాపమెట్లాయె అని. బౌద్ధం మీద గెలవడానికి బ్రాహ్మణులు మాంసం వదిలి గోవును పట్టుకున్నారనీ, చచ్చిన గొడ్డును తినక తప్పనోళ్ళు అంటరానివాళ్ళయినారనీ ఆయన వాదం. 2001లో డి.ఎన్. ఝా ప్రాచీన భారతంలో గోమాంసం గురించి పుస్తకం రాస్తే, దాన్ని అమ్మకుండా ఆపింది మన హైదరాబాదు కోర్టే. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే గొడవలయినాయి. చదువుకున్నోళ్ళ వాకిట్లోనే ఇట్లుంటే పల్లెల సంగతి చెప్పేదేముంది?

1977లో రాష్ట్రంలో గోవధ నిషేధ చట్టం వచ్చె. ఆవును, దూడను కోయగూడదు. పనికిరాని ఎద్దును అధికారి సర్టిఫికెట్ ఇస్తే కోయొచ్చు. సరే. పాలుడిగిన ఆవును, ముసలి ఎద్దును సంతకు తోలేది ఎవరు? మాదిగోళ్ళకు అమ్మేదానికి మందలెక్కడివి? అమ్మినోడు రూకలు లెక్కపెట్టుకొని బొట్టు పెట్టుకొని ఇంటికి పోతాడు. పాపం కొన్నోడి మీద, కోసినోడి మీద, తిన్నోడి మీద పడుతుంది.

తిరుపతిలో చదివేటప్పుడు రూము కోసం తిరిగితే ఎవరూ కులం అడగలేదు. "ఏం తింటారు బాబూ?" అని అడిగినారు. కోడి, మేక అంటే ఒక ఇంటాయన ముఖం కొంచెం విచ్చుకునె. "ఇంకేమైనా?" అనె. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. రూమూ రాలేదు.

2016 జూలైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టినారు. మరుసటి నెలలోనే మన అమలాపురంలోనూ అదే జరిగె. ఆ ఆవు కరెంటు తగిలి చచ్చింది. తీసుకుపొమ్మని పిలిస్తేనే వాళ్ళు పోయినారు. ఆ వార్త చదివి మా చిన్నాయన అన్నాడు, "తీయకపోతే ఒక దెబ్బ, తీస్తే ఒక దెబ్బ."

తీయకపోతే పడే దెబ్బ ఆయనకు తెలుసు. కపిలలు పోయి మోటార్లు వచ్చిన కాలం అది. బాన అక్కర లేకపోయినా గొడ్డును ఈడ్చే పని మాత్రం మాకే ఉండె. చచ్చిన గొడ్డు తినొద్దని 1927లోనే మహద్‌లో అంబేడ్కర్ చెప్పిన సంగతి చిన్నాయన ఎక్కడో చదివినాడు. పల్లెను కూడేసి, "గొడ్డుకూర కావాలంటే కొనుక్కొని తిందాం, చచ్చినదాన్ని ముట్టేది లేదు" అన్నాడు. తాత ఒప్పుకోలేదు. మేర పోతాదని ఏడ్చినాడు కూడా. అంతలోనే ఒక కాపు ఇంట ఎద్దు పడింది. కబురొచ్చె. ఎవరూ కదల్లేదు. ఒక దినం చూసినారు, రెండు దినాలు చూసినారు. ఎద్దు ఉబ్బింది. ఆ ఏడు మాకు కళ్ళంలో మేర లేదు, చేలల్లో కూలి లేదు. మూడోనాడు ఆ కాపు కొడుకులే ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకొని, దాన్ని ఈడ్చుకుపోయి, గుంత తీసి పూడ్చినారు. ఆనక మోటారు కింద తలకు పోసుకున్నారు. పొద్దు గూకేలోపల ఉతికిన పంచెలు కట్టుకొని గుళ్ళోకి పోయి గంట కొట్టినారు.