హంపీ మహర్నవమి : తరలిపోయిన యుత్సవము, మరలివచ్చు జనము

బళ్ళారి సీమలో తుంగభద్రాతీరమున వెలసిన హంపీక్షేత్రమున రెండు విధములైన యుత్సవములు జరుగుచుండెను. ఒకటి రాజోత్సవము, రెండవది దేవోత్సవము. మొదటిది ఈ నేలను విడిచిపోయినది. రెండవది నేటికిని నిలిచియున్నది. ఈ భేదమునకు గల కారణము విచారింపదగినది.

విజయనగరమున మహర్నవమి తొమ్మిదిదినములు జరుగుచుండెడిది. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాకును, శ్రీకృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్‌ను అచటి రాజోత్సవవైభవమును వర్ణించిరి. మల్లయుద్ధములు, నాట్యములు, బాణసంచా, అలంకృతములైన గజాశ్వములు, తుదకు సేనాసందర్శనము — ఇవి పేయిస్ కన్నులార గాంచినవి. నేడు మహర్నవమి దిబ్బగా పిలువబడు వేదికను అతడు విజయగృహమనెను. దాని ప్రక్కలందలి శిల్పములలో గుఱ్ఱములు, ఏనుగులు, వేట, కోలాటము నేటికిని కానవచ్చును.

అయితే ఈ యుత్సవము కేవలము వేడుక గాదు. నాయకులు తాము చెల్లింపవలసిన ధనమును ఈ దినములందే రాజునకు సమర్పించుచుండిరని నూనిజ్ వ్రాసెను. కావున మహర్నవమి రాజ్యతంత్రమునకు ఆయువుపట్టు. 1565 యుద్ధానంతరము తిరుమలరాయలు పెనుగొండకు తరలగా నాయకులు హంపీకి వచ్చుట కవసరము లేకపోయెను. రాజుతో బాటు రాజోత్సవమును వెడలెను. 1610లో శ్రీరంగపట్టణమును గైకొన్న రాజ ఒడయరు అచట నవరాత్రోత్సవమును నెలకొల్పెను. మైసూరు దసరా దాని సంతతియే.

విరూపాక్షుని యుత్సవమో, ఏ సింహాసనము పైనను ఆధారపడలేదు. పంపాదేవితో స్వామి నిశ్చితార్థమైన ఫలపూజయు, చైత్రమాసపు కల్యాణరథోత్సవములును నేటికిని సాగుచున్నవి.

ఉత్సవకాలమున స్వస్థలమునకు మరలుట లోకమున నన్నిచోట్ల గలదు. కరిబియను సముద్రమందలి ట్రినిడాడ్ ద్వీపమున కార్నివాల్ వచ్చినపుడు, లండను, న్యూయార్కు, టొరంటో నగరములకు వలసపోయినవారు అనేకులు ఇల్లు చేరుదురు. అచటను పూర్వము బానిసలుగా నుండినవారి సంతతి ఆ యుత్సవమును తమదిగా జేసికొనుటచేతనే అది నిలిచినది.

హంపీని తెలుగువారు స్మృతియందును వీడలేదు. బళ్ళారి నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) విజయనగర పతనమును నాటకముగా రచింపగా, బళ్ళారి రాఘవ (1880–1946) అందు పఠాన్ రుస్తుము పాత్రచే ప్రఖ్యాతి గాంచెను.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు, బళ్ళారి, హోసపేట మున్నగునవి అటు చేరెను. ఒకే జిల్లాలోని బంధువర్గము రెండు రాష్ట్రములదయ్యెను. బళ్ళారి ఎవరిదను వివాదము ఇరువైపుల మనస్సులను నొప్పించెను. 2021లో హోసపేట కేంద్రముగా విజయనగర జిల్లా ఏర్పడుటతో హంపీ బళ్ళారి జిల్లానుండియు వేరుపడెను. ఎల్లలిన్ని మారినను చైత్రమున రథము కదలునపుడు త్రాడు పట్టినవానిని ఏ భాషవాడవని యడుగువారు లేరు.

ఏండ్లతరబడి దూరముననున్న కుటుంబము మరల హంపీకి వచ్చినచో, మహర్నవమి దిబ్బపై దానికి శూన్యమే కానవచ్చును. రథవీథిలో మాత్రము తన తావు తనకై వేచియుండును. రాజు పిలిచిన యుత్సవము రాజుతో ముగియును. జనులు తమంత తాము వచ్చు యుత్సవము జనులున్నంతకాలము సాగును.